పేరులోనే అంకె

కచేరీ మొదలయ్యేలోపు నలుగురు రసికులు ఒకచోట చేరితే చాలు, పొడుపు కథలు పుట్టుకొస్తాయి. "నాటకమంటే ప్రాణం, ఎన్నో మేళం?" అని ఒకరు విసురుతారు. అది నాటకప్రియ రాగమని పోల్చుకోవడం సగం పనే. మిగతా సగం అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది లెక్క: నా అంటే సున్నా, ట అంటే ఒకటి, తిరగేస్తే 10.

కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తల, అంటే మూల రాగాల, పేర్లు దాదాపు అన్నీ మొదటి రెండు అక్షరాల్లో ఇలా తమ సంఖ్యను దాచుకున్నవే. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, కాబట్టి 29. ఎంత అందమైన కూర్పు!

అసలు పట్టు చిక్కుముడి దగ్గర తెలుస్తుంది. అందరి నోటా ఆడే నటభైరవికి లెక్క కడితే మళ్లీ 10 వస్తుంది, కానీ అది 20వ మేళం. "ట కాదు, ఠ. నఠభైరవి" అని ఓ పెద్దాయన అందిస్తారు. ఠ అంటే రెండు.

చక్రవాకం ఇంకా గడుసుది. సంయుక్తాక్షరంలో చివరి హల్లును లెక్కించడం మామూలు పద్ధతి. అలా ర తీసుకుంటే 26, అది చారుకేశి స్థానం. ఇక్కడ మాత్రం క తీసుకోవాలి: 16. వాదన ముదిరితే ఎవరో ఒకరు రెండు రాగాలూ పాడి వినిపిస్తారు. తేడా రిషభ ధైవతాల్లోనే.