ఎవరి పనికి ఎన్ని మార్కులు? - కెనడా 'నైపుణ్యం' లెక్క మీద ఒక విమర్శ

'ప్రతిభ' అనే మాటతో మనకు పాత లెక్కలున్నాయి. 1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామని కేంద్రం ప్రకటించినప్పుడు అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. రిజర్వేషన్లు వస్తే తమ గతి ఇదేనని లోకానికి చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఆ చీపురు, ఆ బ్రష్షు తరతరాలుగా ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఆ దృశ్యం చూసినప్పుడు వాళ్లకు ఏమనిపిస్తుందో ఆ పిల్లలు ఆలోచించలేదు. ఊడ్చేది, కుట్టేది పనే కాదని, దానికి తెలివి అక్కర్లేదని వాళ్లు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. అదే నమ్మకం ఇవ్వాళ 'నైపుణ్యం' అనే కొత్త పేరుతో, సముద్రాల అవతల ప్రభుత్వాల కాగితాల్లోంచి మళ్లీ మనముందుకు వస్తోంది. మన వీధుల్లో కన్సల్టెన్సీల బోర్డుల మీద 'స్కిల్డ్ వర్కర్' అనే మాట చూసినప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తొస్తుంది. కెనడా శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతిని ఉదాహరణగా తీసుకుని ఈ మాటను కొంచెం విప్పి చూద్దాం.

ముందు ఆ లెక్క ఏమిటో తెలుసుకోవాలి. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకంలో అర్హతకు వంద మార్కులకు 67 రావాలి. భాషకు 28, చదువుకు 25, పని అనుభవానికి 15, వయసుకు 12, అక్కడ ముందే కుదిరిన ఉద్యోగానికి 10, అక్కడి జీవితంలో ఇమడగల శక్తికి 10. ఇది గడప మాత్రమే. 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి పెట్టి, గడప దాటినవాళ్లందర్నీ 1200 మార్కుల ఇంకో కొలబద్ద మీద వరసగా నిలబెట్టి పైనుంచి పిలుస్తున్నారు. 2023లో దీనికి ఇంకో మెలిక కలిపారు. వైద్యం, సైన్సు-ఇంజనీరింగు, నిర్మాణ వృత్తులు, రవాణా, వ్యవసాయం, ఫ్రెంచి భాష అని వర్గాలు చేసి, ఏ పనివాళ్లు కావాలో ఆ పనివాళ్లను విడిగా పిలవడం మొదలుపెట్టారు. ఆ వర్గాలు తర్వాత మారాయి కూడా. అంటే ఏ ఏడు ఏ పని 'విలువైంది' అనేది ఒక మంత్రిత్వశాఖ నిర్ణయిస్తుంది.

ఈ పద్ధతిని గుడ్డిగా తిట్టడం మా ఉద్దేశం కాదు. దీని చరిత్రలో మనం ఒప్పుకోవాల్సిన మంచి ఉంది. 1885 నుంచి చైనావాళ్ల మీద తలపన్ను వేసిన దేశం అది. ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో రావాలని 1908లో ఒక నిబంధన పెట్టి, భారతీయుల దారి మూసేసిన దేశం. 1914లో కొమగాట మారు ఓడను వాంకూవరు రేవులోంచి వెనక్కి పంపింది కూడా అదే. అట్లాంటి చోట 1967లో పాయింట్ల పద్ధతి వచ్చి 'నీ రంగేమిటి, నీ దేశమేది' అనే ప్రశ్న పక్కనబెట్టి 'నువ్వేం చదివావు, నీకేం వచ్చు' అని అడగడం మొదలుపెట్టింది. కులం పేరు, ఇంటి పేరు అడగని దరఖాస్తు ఎంత ఊరటో మనలో చాలామందికి తెలుసు. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు 'మీరేమిట్లు?' అని అడిగించుకున్నవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఆ దారిన వెళ్లి తలెత్తుకుని బతుకుతున్న మనవాళ్లున్నారు. వాళ్ల సంతోషం మా సంతోషం.

అయితే అడగని ప్రశ్నకు కూడా జవాబు వస్తుంది. కులం అడగరు గాని, కులం ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఇది ఎట్లాగో మా సొంత సంగతే చెప్తాం.

రెండేళ్ల కిందట మేం హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కాం. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు, కాగితం మీద చకచకా లెక్కేశాడు. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషిమి మేమే. ఎం.ఏ.కి 23 వచ్చాయి. పీహెచ్‌డీ చేతికొచ్చి ఉంటే 25. హాస్టల్లో డిక్షనరీ పక్కనబెట్టుకుని నేర్చుకున్న ఇంగ్లీషుకు 20. మూడేళ్ల కాంట్రాక్టు పాఠాలకు 11. వయసు 36 దాటింది గనుక 12కు బదులు 11. మొత్తం 65. రెండు తక్కువ.

"సార్, అక్కడ మీకు బ్లడ్ రిలేషన్ ఎవరైనా ఉన్నారా? ఉంటే అయిదు పాయింట్లు కలుస్తాయి" అన్నాడు.

"మా చిన్నాన్న కువైట్లో ఉన్నాడు" అన్నాం.

"కువైట్ కాదు సార్, కెనడా."

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఉన్న మాట చెప్పాడు. కాని ఆ రెండు మార్కుల వెనక ఉన్న చరిత్ర చూడండి. 35 ఏళ్ల వరకు వయసుకు పూర్తి మార్కులిచ్చి, ఆ తర్వాత ఏటా ఒకటి కోస్తారు. ఇంటర్ తర్వాత రెండేళ్లు ఇటుక బట్టీలకు పోయి, అప్పు తీర్చి, మళ్లీ చదువుకొచ్చినవాడికి ఆ రెండేళ్లు రెండు విధాల నష్టం. బట్టీ పనికి మార్కులు లేవు, పోయిన వయసుకు కోత ఉంది. 'బంధువు' మార్కుల సంగతి ఇంకా స్పష్టం. కృష్ణా గోదావరి డెల్టాల్లో కాలువ నీటితో మిగులు కూడిన భూస్వామ్య కులాలు, ఆ మిగులును చదువుల మీద, ప్రైవేటు కాలేజీల మీద పెట్టి ముందు విదేశాలకు వెళ్లాయి. ముందు వెళ్లిన అన్న తమ్ముడికి 'ఇమడగల శక్తి' అవుతాడు. మన చిన్నాన్న ఇరవై ఏళ్లు ఎడారిలో బండి తోలినా ఎవరికీ మార్కు కాలేడు. పైగా దరఖాస్తుదారు ఖాతాలో డబ్బు చూపించాలి. ఇది 2024లో ఒంటరి మనిషికి 14,690 కెనడా డాలర్లు. కూలిమీద బతికే ఇంట్లో ఇంత సొమ్ము ఎన్నేళ్లకు కూడుతుందో మేం చెప్పక్కర్లేదు.

ఇదంతా మనిషికి సంబంధించిన లెక్క. అసలు సంగతి పని లెక్కలో ఉంది.

కెనడా ప్రభుత్వం లోకంలో ఉన్న పనులన్నిటినీ వరసబెట్టి 0 నుంచి 5 దాకా ఆరు మెట్లు కట్టింది. 2022 నవంబరు నుంచి వలస ఎంపికకు ఈ మెట్లే ఆధారం. సున్నాలో మేనేజర్లు, ఒకటిలో డిగ్రీ కావాల్సిన పనులు, అట్లా కిందికి దిగితే అయిదో మెట్టులో కొద్దిసేపు చూపిస్తే వచ్చే పనులు, ఏ చదువూ అక్కర్లేని పనులు. పంట కోసేవాళ్లు, పశువుల దగ్గర పనిచేసేవాళ్లు, ఊడ్చి తుడిచేవాళ్లు అక్కడున్నారు. 0 నుంచి 3 మెట్ల దాకా చేసిన పనే 'అనుభవం'. 4, 5 మెట్లలో ముప్పై ఏళ్లు చేసినా ఆ 15 మార్కుల్లో ఒక్కటీ రాదు.

ఈ మెట్లు చూస్తే మనకు ఏదో తెలిసిన ఇంట్లోకి వచ్చినట్టు అనిపించదూ? 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ ఒక వాదానికి జవాబు చెప్పాడు. కులమంటే పనుల పంపకమే గదా అనేవాళ్లతో, ఇక్కడ పనులే కాదు, పనిచేసే మనుషులే విడిపోయి ఒకరి మీద ఒకరు మెట్లుగా ఉన్నారని వాదించాడు. కెనడా జాబితాను కులవ్యవస్థ అని మేం అనడం లేదు. అక్కడ పుట్టుక మెట్టును శాసించదు, చీపురు పట్టినవాడి బిడ్డ డాక్టరైతే ఎవరూ అంటరాదనరు. ఈ తేడా చిన్నది కాదు. కాని కులం పుట్టుకతో పంచిపెట్టిన పనులు ఆ జాబితా ముందుకు వెళ్లినప్పుడు, మన పనులన్నీ తిన్నగా అయిదో మెట్టుకే చేరతాయి. ఊళ్లో వెలివాడలో ఉన్నవి అక్కడ కూడా కిందనే ఉంటాయి.

ఆ పనుల్లో తెలివి లేదా? మా తాత లందలో తోలు ఊనేవాడు. పచ్చితోలును సున్నపు నీళ్లలో ఎన్నాళ్లుంచితే వెంట్రుక ఊడుతుందో, తంగేడు చెక్క ఎంత పడితే తోలు కుళ్లకుండా గట్టిపడుతుందో, ఎండాకాలం ఎంత, వానాకాలం ఎంత, అంతా వాసనతో, వేలితో చెప్పేవాడు. దీన్ని కాలేజీలో నేర్పితే లెదర్ టెక్నాలజీ. లంద దగ్గర నేర్చుకుంటే అంటరానితనం. కెనడాలోనూ ప్లంబరు, వెల్డరు, వడ్రంగి పనులకు 2013లో విడిగా ఒక దారి తెరిచారు. అది మంచిదే. కాని దానికి ముందుగా కుదిరిన ఉద్యోగమైనా ఉండాలి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన పనితనపు సర్టిఫికెట్టయినా ఉండాలి. చేతిలో పని ఉంటే చాలదు, చేతిలో కాగితం ఉండాలి. తండ్రి దగ్గర నేర్చుకున్నదానికి కాగితం ఎవరిస్తారు?

ఇంకో సంగతి గమనించాలి. పాయింట్ల పద్ధతి 1967లో వచ్చింది. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1966లో, జమైకా నుంచి వ్యవసాయ కూలీలను తెచ్చే సీజనల్ పథకం మొదలైంది. 1974లో మెక్సికో కూడా అందులో చేరింది. ఏడాదికి గరిష్ఠంగా ఎనిమిది నెలలు పని, తర్వాత ఇంటికి. మళ్లీ ఏడు మళ్లీ పిలిస్తే రావాలి. ఒకే మనిషి ఇరవై వేసవులు అదే తోటలో కోసినా, ఆ పథకంలోంచి నేరుగా శాశ్వత నివాసానికి దారి లేదు. రెండు తలుపులూ ఒకే కాలంలో ఒకే ప్రభుత్వం పెట్టింది. ఒకటి 'మాతో ఉండండి' అనే తలుపు, ఇంకోటి 'పని చేసి పోండి' అనే తలుపు. వీటి మధ్య గోడకు పెట్టిన పేరే 'నైపుణ్యం'.

ఆ గోడ ఎంత గట్టిదో 2021లో తేలింది. కరోనా కాలంలో సరిహద్దులు మూసేసి, ఇళ్లలో కూర్చుని తిన్న తిండిని ఎవరు కోశారు, ఆసుపత్రులు ఎవరు తుడిచారు అనే ప్రశ్న వచ్చింది. అప్పుడు కెనడా మే నెలలో 90,000 మందికి ఒక ప్రత్యేక దారి తెరిచింది. చదువు పూర్తిచేసిన విద్యార్థులకు 40,000, ఆరోగ్యరంగంలో పనిచేసేవాళ్లకు 20,000, తక్కిన అత్యవసర పనులవాళ్లకు 30,000. ఆ చివరి జాబితాలో పంట కోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు ఉన్నారు. నవంబరులో ఆ దారి మూసేశారు. ఆ ఆరునెలల్లో పంట కోసేవాడి చేతికి కొత్త నైపుణ్యం ఏమైనా వచ్చిందా? నవంబరులో పోయిందా? మారింది పని కాదు, అవసరం. కనుక మెట్టును నిర్ణయించేది పనిలోని తెలివి కాదని, ఆ పనివాణ్ణి ఉంచుకోవాలా పంపేయాలా అనే రాజకీయమని మనం ధైర్యంగా చెప్పొచ్చు.

ఈ విమర్శ పరాయి దేశంతో ఆగితే అన్యాయం. మన ప్రభుత్వం కూడా మనుషుల్ని ఇట్లాగే వేరు చేసింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టు వేరే రకం. గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే వాళ్లకు విడిగా అనుమతి కావాలి. రక్షణ కోసమే అంటారు, కొంత నిజమే. కాని రక్షణ వచ్చినా రాకపోయినా ముద్ర మాత్రం మిగిలింది. అంతకు ముందు కోరంగి రేవు నుంచి రంగూనుకు, మేస్త్రీల అప్పుల తాళ్లతో పోయిన తెలుగు కూలీల్లో మనవాళ్లెందరో. వాళ్లను 'వలసపోయిన తెలుగువాళ్లు' అని ఏ మహాసభ గర్వంగా తలచుకుంటుంది? విమానం ఎక్కినవాళ్లే 'ప్రవాసాంధ్రులు'. ఓడెక్కినవాళ్లు కూలీలు. చదువుల్లోనూ ఇదే జరుగుతోంది. దళిత విద్యార్థుల్ని విదేశాలకు పంపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో 2022లో భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు డబ్బివ్వమని రాశారు. అంటే కులం గురించి బయట చదవాలనుకునే దళితుడి జ్ఞానం కూడా అక్కర్లేని జాబితాలో పడింది.

మిత్రులు కొందరు అంటారు: "వెళ్లే నలుగుర్నీ వెళ్లనివ్వండి, ఇట్లా తవ్వితే ఏం లాభం?" వెళ్లొద్దని మేం అనడం లేదు. 1913లో అంబేద్కర్ బరోడా స్కాలర్‌షిప్పుతో కొలంబియాకు వెళ్లకపోతే మన చరిత్ర ఇట్లా ఉండేది కాదు. అదే అంబేద్కర్ 1917లో అంత చదువుతో బరోడాకు తిరిగొస్తే ఉండటానికి గది దొరకలేదు. సర్టిఫికెట్టు కులాన్ని చెరపలేదు. కులం కూడా విమానమెక్కుతుందని 2023లో టొరంటో స్కూలు బోర్డు కులవివక్షను గుర్తించినప్పుడు బయటపడింది. పాయింట్లు నెగ్గి వెళ్లినవాళ్ల పిల్లల మధ్యే గదా అక్కడి బడుల్లో కులం అడగడం జరిగింది!

కాబట్టి మనం చేయాల్సినవి కొన్నున్నాయి. ఎవరు ఏ పాస్‌పోర్టుతో ఏ దేశం పోతున్నారో కులాలవారీగా లెక్క తీయమని మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాల్నీ అడగాలి. చేతి పనికి, లంద పనికి, పారిశుద్ధ్య పనికి పరీక్షపెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు అడగాలి. కెనడాలో కూలీలకు శాశ్వత నివాసం కావాలని పోరాడుతున్న మెక్సికో, జమైకా మనుషులతో అక్కడి అంబేద్కర్ సంఘాలు చేయి కలపాలి. అన్నిటికంటే ముందు, మనలో చదువుకున్నవాళ్లం 67 దాటినప్పుడు అది మన ఒక్కరి ప్రతిభ అనుకోవడం మానాలి.

మా కాగితం మీద ఆ కుర్రాడు వేసిన 65 ఇంకా మా దగ్గరుంది. ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపిస్తే, "మరి నాకెన్ని వస్తాయిరా?" అని అడిగింది. నలభై ఏళ్లు నాట్లేసిన మనిషి. ఆమె చదువుకు సున్నా, భాషకు సున్నా, వయసుకు సున్నా, పనికి సున్నా. మాకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆ సున్నాలు ఆమెవి కావు, లెక్కవేసినవాళ్లవి. దాన్ని రాతలో పెట్టడానికే ఈ నాలుగు మాటలు.