మసి గట్టిపడక ముందే

కనిగిరి, కంభం, గిద్దలూరు వైపు ఊళ్లలో ఆర్మీలో చేసి రిటైరై వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు బ్యాంకు గార్డులు. మేం నలుగురం కలిస్తే పెన్షన్, క్యాంటీన్ కబుర్లయ్యాక మాట ఆయుధం మీదికి మళ్లుతుంది. ఈమధ్య అలా మళ్లినప్పుడు ఒక సంగతి తెలిసి నాకు బాధేసింది. సర్వీసులో తప్పకుండా చేసిన పనిని, బయటికొచ్చాక చాలామంది వదిలేశారు. ఫైరింగ్ అయ్యాక తుపాకీకి పట్టిన మసి తీయడం.

నేను ఈ పని నేర్చుకున్నది ఇషాపూర్‌లో తయారైన ఎస్ఎల్ఆర్ మీద. 1990లలో ఇన్సాస్ రైఫిల్ వచ్చేదాకా జవాను చేతిలో ఎక్కువగా ఉన్నది ఆ 7.62 రైఫిలే. బుల్లెట్ బ్యారెల్‌లో పోతుండగా వెనకున్న గ్యాస్‌లో కొంత ఒక చిన్న రంధ్రం గుండా పైకెక్కి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. ఆ తోపుకే ఖాళీ కేసు బయటపడి కొత్త రౌండు చాంబర్‌లోకి వస్తుంది. గ్యాస్‌తో పాటు మసీ వచ్చి పిస్టన్ తల మీద పొరలు కడుతుంది. పొర మందమయ్యేకొద్దీ తోపు తగ్గి, రైఫిల్ మధ్యలో ఆగిపోతుంది. రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచితే ఆ పూటకు గడుస్తుంది, అంతే. మా ఉస్తాద్ పదే పదే చెప్పిన మాట ఏమంటే, ఫైరింగ్‌కు ముందు పిస్టన్ పొడిగా ఉండాలి, దానికి ఆయిల్ పూయొద్దు. పూస్తే ఆ వేడికి నూనె కూడా కాలి ఇంకో పొర మసి అవుతుంది.

బ్యారెల్‌కు వాడేది పుల్‌త్రూ. తాడు, దాని కొసన బరువు, రెండో కొసన కంతలు. కంతలో చిందీ గుడ్డ దూర్చి, చాంబర్ వైపు నుంచి వదిలి మజిల్ వైపుకు, అంటే తుపాకీ మూతి వైపుకు లాగాలి. మొదటి చిందీ నల్లగా, జిడ్డుగా వస్తుంది. ఇంకొన్ని లాగేసరికి బూడిదరంగుకు తిరుగుతుంది. ఇక చాలనిపించేది అక్కడే. కానీ ఆయిల్ పట్టించి కాసేపు వదిలి చూడండి, తర్వాతి చిందీ మళ్లీ నల్లగా వస్తుంది. అడుగంటిన గిన్నెను నానబెట్టి తోమే ఇల్లాలికి ఈ ఓపిక ఎవరూ నేర్పక్కర్లేదు. బ్యారెల్ వేడి పూర్తిగా చల్లారక ముందే మొదలుపెడితే పని సగం తగ్గుతుంది.

తాడు తిన్నగా లాగాలి. మజిల్ అంచుకు ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి లాగితే ఇనుములో గాడి పడుతుంది. బుల్లెట్ బ్యారెల్‌ను విడిచే చోటు అదే కనుక గురి చెడుతుంది. ఎన్‌సీసీ పిల్లల పాయింట్ టూటూ రైఫిళ్లను చూడండి. ఫైరింగ్‌తో అరిగిన దానికంటే రాడ్డు అడ్డదిడ్డంగా పొడవడం వల్ల అరిగిందే ఎక్కువ. స్టీలు పీచుతో, ఎమిరీ పేపరుతో రుద్దేవాడికంటే మసిని అలాగే వదిలేసేవాడు నయమని నా గట్టి అభిప్రాయం.

పాత త్రీనాట్‌త్రీ సంగతి వేరు. దాని తూటా క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక బ్యారెల్‌లో మిగిలేది ఒక రకం ఉప్పు. అది నూనెకు కరగదు. అందుకే బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసేవారు. ఉప్పు కరిగిపోయేది, వేడికి బ్యారెల్ దానంతటదే ఆరేది, తర్వాతే ఆయిల్. పంట కాపలా కోసం లైసెన్సు తీసుకున్న, నల్ల తుపాకీమందుతో పేలే తుపాకులకూ నీళ్లే మందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఆ మందు కాలాక సగానికి పైగా బూడిదగా, మసిగా మిగిలి గాలిలో చెమ్మను పీలుస్తుంది. అడవిపందులను బెదరగొట్టొచ్చి తుపాకీని మూలన పెడితే, తెల్లారేసరికే తుప్పు మొదలు. మన కనిగిరి బోరు నీళ్లలో లవణాలెక్కువ కదా, దీనికి మాత్రం క్యాన్ నీళ్లే కాచుకోండి.

బ్యాంకు గార్డుల 12 బోర్ పేలేది ప్రాక్టీసుకు తీసుకెళ్లినప్పుడే. నాలుగు రౌండ్లకే ఏమవుతుందిలే అనుకుంటారు. చాంబర్ దాటాక లోపలి రంధ్రం సన్నబడే చోట మసి, సీసం, ప్లాస్టిక్ వాడ్ కరిగిన పొర కలిసి ఉంగరంలా పట్టేస్తాయి. దాని కింద చెమ్మ చేరి ఇనుమును తినేస్తుంది. గుంటలు పడ్డాక ఇక ఏ ఆయిలూ వాటిని పూడ్చలేదు. కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. అది చలికి గడ్డకడుతుంది, రానురాను జిగురవుతుంది. కిరోసిన్ మసిని వదిలిస్తుంది గానీ తుప్పును ఆపదు. కిరోసిన్ తర్వాత పొడిగుడ్డ, ఆపైన పల్చగా గన్ ఆయిల్. అది దొరక్కపోతే కుట్టుమిషన్ ఆయిల్.

శుభ్రం చేస్తుండగా తుపాకీ పేలి గార్డు చనిపోయాడన్న వార్త చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. తూటాలు వేరే గదిలో పెట్టాకే గుడ్డ చేతికి తీసుకోవాలి. మజిల్ మనుషుల వైపు ఉండకూడదు. చాంబర్‌ను కంటితో చూడటం చాలదు, వేలు పెట్టి తడమాలి. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోవద్దు, ఆ మసిలో సీసం ఉంటుంది.

ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తాం. 2024లో మార్చి 16న కోడ్ వస్తే, ఓట్ల లెక్కింపు జూన్ 4న గానీ జరగలేదు. మసితో ఇచ్చిన తుపాకీ అన్నాళ్లూ మసితోనే ఉంటుంది. దాన్ని తుడవడం పోలీసుల పని కాదు, మనది. ఈసారి డిపాజిట్‌కు ముందురోజు ఒక గంట దానికివ్వండి. చేతకాకపోతే ఊళ్లో రిటైరైన జవానును ఇంటికి పిలిచి, పక్కనే కూర్చుని చేయించుకోండి.