ఎవరిని అడిగారు, ఏమని అడిగారు? : ఐడా బి. వెల్స్ ‘ది ఆర్కాన్సాస్ రేస్ రయట్’ - ఒక పరిశీలన

వార్తా మాధ్యమాల్లోని జాతి వివక్షను చర్చించేటప్పుడు పరిశోధకులు ముందుగా ఆశ్రయించేది లెక్కను. అమెరికాలో ‘ఫెయిర్’ అనే మాధ్యమ పరిశీలన సంస్థ 1989లో ప్రకటించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఏబీసీ టెలివిజన్‌లో వచ్చే ‘నైట్‌లైన్’ కార్యక్రమం 1985 జనవరి నుంచి 1988 ఏప్రిల్ వరకు చేసిన 865 ప్రసారాలను ఆ అధ్యయనం పరిశీలించింది. అతిథుల్లో 92 శాతం శ్వేతజాతీయులని, 89 శాతం పురుషులని తేల్చింది. ఇటువంటి లెక్క అవసరమే. అది లేకపోతే వివక్ష ఉందన్న మాటే అభిప్రాయంగా కొట్టుకుపోతుంది. అయితే మిగిలిన ఎనిమిది శాతం మందిని ఏ హోదాలో పిలిచారు, ఏమి అడిగారు అన్నది ఈ శాతాల్లో కనిపించదు. ఒక మనిషిని విషయం తెలిసినవాడిగా అడగడం వేరు, బాధపడినవాడిగా అడగడం వేరు, నేరం ఒప్పుకోవలసినవాడిగా అడగడం మరీ వేరు. ఈ తేడాను పరిశీలించడానికి వెల్స్ 1920లో ప్రచురించిన చిన్న పుస్తకం చాలా ఉపయోగపడుతుంది.

ఆర్కాన్సాస్ రాష్ట్రం ఫిలిప్స్ కౌంటీలో ఎలేన్ అనే ఊరికి సమీపాన హూప్ స్పర్ అనే చోట 1919 సెప్టెంబరు 30 రాత్రి నల్లజాతి రైతులు ఒక చర్చిలో సమావేశమయ్యారు. వారు భూస్వాముల పొలాలను పాలుకు దున్నేవారు. పత్తికి న్యాయమైన ధర, తమ ఖాతాలకు రాతపూర్వకమైన లెక్క కావాలని సంఘం పెట్టుకున్నారు. చర్చి బయట కాల్పులు జరిగి ఒక శ్వేతజాతీయుడు చనిపోయాడు. తరువాతి రోజుల్లో సాయుధ మూకలూ, సమాఖ్య సైన్యమూ ఆ ప్రాంతం మీద పడ్డాయి. శ్వేతజాతీయుల్లో మరణించినవారు ఐదుగురు. నల్లజాతివారిలో ఎందరో నేటికీ కచ్చితంగా తేలలేదు. చరిత్రకారుల అంచనాలు వంద నుంచి అనేక వందల దాకా ఉన్నాయి. చివరికి హత్యానేరం కింద మరణశిక్ష పడింది మాత్రం 12 మందికి. ఆ పన్నెండుగురూ నల్లజాతివారే.

వార్త ఎలా తయారైందో ఇక్కడ గమనించాలి. హెలీనా పట్టణంలోని భూస్వాములు, వ్యాపారులు, అధికారులు కలిసిన ‘ఏడుగురి కమిటీ’ విచారణను చేతిలోకి తీసుకుంది. నల్లజాతివారు శ్వేతజాతీయులను చంపడానికి కుట్ర పన్నారని ప్రకటించింది. పత్రికలు ఆ ప్రకటననే వార్తగా అచ్చు వేశాయి. స్థానిక పత్రికల సంగతి అలా ఉంచితే, ‘న్యూయార్క్ టైమ్స్’ సైతం శ్వేతజాతీయుల సంహారానికి పథకం వేశారన్న అర్థం వచ్చే శీర్షికను పెట్టింది. ఈ వార్తల్లో నల్లజాతివారి మాటే లేదనడం సరికాదు. ఉంది, ఒప్పుకోలు రూపంలో. ఖైదీలను కొరడాలతో కొట్టి, విద్యుత్ షాకులిచ్చి మాట్లాడించారని తరువాత 1921లో ఇద్దరు శ్వేతజాతి సాక్షులే ప్రమాణపత్రాలిచ్చారు. ఆకరాల జాబితాను మాత్రమే లెక్కించే పద్ధతిలో ఈ ఒప్పుకోళ్లు ‘నల్లజాతి గొంతు’ కిందే జమ పడతాయి.

అడిగేవారి రంగు కూడా అప్పుడు ఎంత పని చేసిందో వాల్టర్ వైట్ అనుభవం చెబుతుంది. ఆయన నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ప్రతినిధి. తెల్లని చర్మం, నీలికళ్లు, లేతరంగు జుట్టు (ఇంటిపేరు కూడా తెలుపే, కాకతాళీయమే అయినా). 1919 అక్టోబరులో షికాగో పత్రికా విలేకరిగా ఆర్కాన్సాస్ వెళ్లినప్పుడు గవర్నర్ చార్ల్స్ బ్రో ఆయనను శ్వేతజాతీయుడనుకొని ఇంటర్వ్యూ ఇచ్చాడు. అసలు గుర్తింపు బయటపడగానే వైట్ రైలెక్కి తప్పించుకోవలసి వచ్చింది.

వెల్స్‌కు ఆ వెసులుబాటు లేదు. 1862లో మిసిసిపీలో బానిసత్వంలో పుట్టిన ఈ పాత్రికేయురాలు మూకహత్యల మీద రాసినందుకు 1892లో మెంఫిస్‌లోని ఆమె పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాలు ఆమె దక్షిణాదికి దూరంగా ఉండవలసి వచ్చింది. 1920 జనవరిలో లిటిల్‌రాక్ జైలుకు ఆమె విలేకరిగా వెళ్లలేదు. ఖైదీల తల్లులు, భార్యలతో కలిసి, వారి బంధువునంటూ లోపలికి వెళ్లింది. మరణానంతరం 1970లో వెలువడిన ఆత్మకథలో ఆమె ఈ సందర్శనాన్ని రాసింది. ఖైదీలు చావు గురించి, పరలోకం గురించి పాడుతూ ప్రార్థిస్తుంటే, బతకడానికి, విడుదల కావడానికి ప్రార్థించండని ఆమె వారికి చెప్పింది. ఇంటర్వ్యూ చేసేవారు ఇలా జోక్యం చేసుకోవచ్చునా అని నేటి పాత్రికేయ విద్యార్థి అడగవచ్చు. నా దృష్టిలో ఆ జోక్యమే ఆమె ప్రశ్నల స్వభావాన్ని నిర్ణయించింది.

ఆమె అడిగిన వాటిలో విశేషమైనది ఆస్తి లెక్క. ఒక్కొక్కరు ఎన్ని ఎకరాల పత్తి వేశారు, ఎన్ని ఎకరాల మొక్కజొన్న, పశువులెన్ని, ఇంట్లో సామానేమిటి, అరెస్టయ్యాక ఆ పంట ఎవరి పాలైంది అని రాబట్టి నమోదు చేసింది. దానితో పుస్తకంలో ఖైదీ స్థానమే మారిపోయింది. అతడు కుట్రదారుగానో, నిస్సహాయుడైన బాధితుడిగానో కనిపించడు. తన పొలం లెక్క తనకు తెలిసిన రైతుగా, భూస్వామి చూపించని ఖాతాను నోటితో చెప్పగల మనిషిగా కనిపిస్తాడు. పంట చేతికొచ్చిన కాలంలోనే ఈ దాడి జరిగిందన్న సంగతికి ఆ అంకెలతో ఆర్థికమైన అర్థం ఏర్పడింది. కోర్టులో నమోదైన సాక్ష్యాలను కూడా ఆమె పరిశీలించి ఈ వాఙ్మూలాల పక్కన నిలిపింది. పుస్తకంలో ఉద్వేగపూరితమైన ఘట్టాలున్నాయి. అవి ఈనాడు చదివితే కొంత ఉపన్యాస ధోరణిగా తోస్తాయి. లెక్కల పుటలు మాత్రం నూరేళ్ల తరువాత కూడా వాడి తగ్గలేదు.

తెలుగు పాఠకుడికి ఈ స్థానభేదం క్రియాపదాల్లో సులభంగా పట్టుబడుతుంది. మన వార్తల్లో అధికారి ‘తెలిపారు’, ‘స్పష్టం చేశారు’, ‘వెల్లడించారు’. బాధితుడు ‘వాపోయాడు’, ‘ఆరోపించాడు’, ‘గోడు వెళ్లబోసుకున్నాడు’. నిందితుడు ‘ఒప్పుకున్నాడు’. గౌరవవాచక ప్రత్యయం కూడా తరచు ఈ వరుసనే అనుసరిస్తుంది. ఎలేన్ ఉదంతాన్ని ఈ క్రియల్లో చెబితే, పత్రికల్లో కమిటీ తెలిపింది, ఖైదీలు ఒప్పుకున్నారు. వెల్స్ పుస్తకంలో ఖైదీలు తెలిపారు.

సుప్రీంకోర్టు 1923లో మూర్ వర్సెస్ డెంప్సీ తీర్పులో, మూక ఒత్తిడికి లోబడి సాగిన విచారణ న్యాయవిచారణ కాజాలదని అభిప్రాయపడింది. 1925 జనవరి నాటికి 12 మందీ విడుదలయ్యారు. దీన్ని వెల్స్ ఒక్కరి ఘనతగా చెప్పడం అతిశయోక్తి. ఎన్‌ఏఏసీపీ, నల్లజాతి న్యాయవాది సిపియో జోన్స్ చేసిన సుదీర్ఘ పోరాటం దీని వెనుక ఉంది. పులిట్జర్ సంస్థ వెల్స్‌ను ప్రత్యేక ప్రశంసతో గుర్తించింది 2020లో.

పత్రికా కార్యాలయాలు మాత్రం అంత త్వరగా మారలేదు. డెట్రాయిట్, నూవర్క్ అల్లర్ల తరువాత నియమితమైన కెర్నర్ కమిషన్ 1968 నివేదికలో, దేశంలోని సంపాదక ఉద్యోగాల్లో నల్లజాతివారు ఐదు శాతం కంటే తక్కువని, సంపాదకులు, పర్యవేక్షకుల్లో ఒక శాతం కూడా లేరని రాసింది. అడిగే బల్లకు అటువైపున లేనివారు ఇటువైపున ఏ హోదాలో కూర్చుంటారన్నది ఆ అంకెలను బట్టి ఊహించడం కష్టం కాదు.

ఈ ప్రశ్న మన దేశానికి వచ్చిన మార్గం కూడా ఆసక్తికరం. 1996లో ‘వాషింగ్టన్ పోస్ట్’ ఢిల్లీ విలేకరి, ఆఫ్రికన్ అమెరికన్ అయిన కెన్నెత్ కూపర్, ఒక దళిత పాత్రికేయుడితో మాట్లాడదలచి బి.ఎన్. ఉనియాల్‌ను సంప్రదించాడు. ఉనియాల్ ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది విలేకరుల జాబితాను పరిశీలించాడు. ఇంటిపేరుతో కులం తెలిసిన 454 మందిలో దళితులు లేరు. మిగతా 232 మందిలో యథాలాపంగా ఎంచి విచారించిన 47 మందిలోనూ లేరు. ఆయన ఆ నవంబరులో ‘ది పయొనీర్’లో దీనిని వ్యాసంగా రాశాడు. జాతికీ కులానికీ చరిత్రలు వేరు కనుక రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఉనియాల్ చేసింది కూడా లెక్కే. తెలుగు దినపత్రికల జిల్లా పుటల్లో ఎవరి మాటకు ఏ క్రియ వాడారు, ఎవరిని పంట లెక్క అడిగారు, ఎవరిని కన్నీటి గురించి మాత్రమే అడిగారు అన్న కోణంలో విడిగా పరిశోధన జరగవలసి ఉంది.