రచనాపరీక్షయందు వార్తికధర్మము

పరుల రచనను పరీక్షించుట కష్టము. తన రచననుగూర్చి పరులు చెప్పినమాట వినుట అంతకంటెను కష్టము. ఒకచో కూర్చుండి చేయునపుడే యిట్టివగు నీ రెండు పనులను ముఖములు చూడకయే చేయవలసిన కాలము వచ్చినది. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారములద్వారా బడిపాఠములు చెప్పబడెను. పాఠ మొక్కమాఱే వేలకొలది యిండ్లకు చేరెను గాని, పిల్లవాని వ్రాతపుస్తకములోని తప్పును తెర చూడజాలదు. అంటువ్యాధి తగ్గి బడులు తెఱచిన పిదపను అంతర్జాలమున వ్యాసరచన, పద్యరచన నేర్పు తరగతులు నిలిచియున్నవి. వానియందు ఒకరి రచనను వేఱొకరు పరీక్షించు వాడుకయు గలదు. ఆ పరీక్ష యెట్లుండవలయునో యిచట విచారింతము.

దీనికై వైయాకరణులు క్రొత్తశాస్త్రమును వెదకనక్కఱలేదు. ఉక్తమును, అనుక్తమును, దురుక్తమును విచారించునది వార్తికమని పెద్దలు లక్షణము చెప్పిరి. కాత్యాయనుడు పాణిని సూత్రముల నిట్లే పరీక్షించెను. పతంజలి యా వార్తికములను మరల పరీక్షించి కొన్నిటిని గ్రహించెను. కొన్నియెడల సూత్రమే చాలునని సమర్థించెను. ఇంత పరీక్ష జరిగినను పాణిని గౌరవము తగ్గలేదు; మువ్వురును మునిత్రయమని పూజింపబడుచున్నారు.

ఉదాహరణము చూతము. వడ్డేపల్లి విద్యార్థి యొకడు గద్వాల చీరనుగూర్చి వ్యాసము వ్రాసి తరగతికి పంపెననుకొందము. అందు అంచు వన్నెలను చక్కగా వర్ణించెను. గద్వాల చీరలన్నియు పట్టుచీరలే యనెను. ‘బాగున్నది’ యని పదిమంది వ్రాసినను వానికి లాభము లేదు. ‘తప్పులతడక’ యని యొకడు వ్రాసినను అంతే. వార్తికధర్మ మెఱిగినవాడు మూడుమాటలు వ్రాయును: అంచు వన్నెలు కన్నులకు కట్టినవి, ఇది ఉక్తము, నూలుచీరకు పట్టంచును కలిపి నేయు కుప్పడపు నేర్పు చెప్పబడలేదు, ఇది అనుక్తము, అన్నియు పట్టుచీరలే యనుట తగదు, నూలునేతకు పట్టంచు కూర్చుటయే ఆ నేతకు ప్రసిద్ధి, ఇది దురుక్తము. ఈ మూటితో విద్యార్థి తన వ్యాసమును తానే సవరించుకొనగలడు. పరీక్షకుడే కలము పట్టి వ్యాసమంతయు తిరుగవ్రాసినచో అది వాని వ్యాసమగును. విద్యార్థికి మిగులునది నకలు మాత్రమే.

క్రొత్తగా వ్రాయువారికి ప్రోత్సాహమే చాలును, దోషములు పిదప చూడవచ్చునని కొందఱందురు. ఉక్తవిచారము మూటిలో మొదటిదని వారు గమనింపరైరి. ఏ మాట యెందువలన నెగ్గినదో చూపుటకంటె ప్రోత్సాహమేమున్నది? రాజశేఖరుడు కావ్యమీమాంసలో భావకులను అరోచకి, సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి యని నలుదెఱగులుగా చెప్పెను. ఏదియు రుచింపనివాడును, గడ్డితోకూడ మెసవువాడును విద్యార్థి కొక్కరీతి నిరుపయోగులే.

దోషము చెప్పువాడు హేతువు చూపవలయును. ‘మేఘములు వచ్చెను’ అని యొకడు వ్రాయగా, బహువచనమునకు ‘వచ్చినవి’ యనియే యుండవలెనని తోడివాడు దిద్దవచ్చును. ‘అవి వచ్చెను’ అనుట గ్రాంథికభాషకు సమ్మతమే. సూత్రము చూపుమని యడిగినచో ఆ దిద్దుబాటు నిలువదు. సందేహము కలిగినంతమాత్రమున సూత్రము చెడదనియు, వ్యాఖ్యానముచే విశేషము తెలియుననియు భాష్యకారుని మతము. కావున తనకు బోధపడనిచోట పరీక్షకుడు ముందుగా ప్రశ్న వేయవలెను.

ఇక వినువాని ధర్మము. రసావేశమున వ్రాయుచున్న కవికి వివేచనదృష్టి యుండదని రాజశేఖరుడు తెలిపెను. అందుచే ఉదయము రచించినదానిని పగటి నాలవజామున పరీక్షించి, అధికమును త్యజించి, న్యూనమును పూరింపుమనెను. పరులచేతను పరీక్ష చేయింపుమనెను. చేయువానికి కానరానిది తటస్థునికి కనబడును. అంతర్జాలమున వ్యాఖ్య క్షణములో వచ్చును, ప్రత్యుత్తరమును క్షణములో పోవును. మధ్య నాలవజాము లేదు. ఆ యెడమును మనమే కల్పించుకొనవలెను.

అన్యాయమైన విమర్శము వచ్చినచో నేమి చేయవలెను? దీనికి మా ప్రాంతమే నిదర్శనము. పూర్వపు అలంపురము తాలూకాలోని ఇటిక్యాలపాడు సురవరము ప్రతాపరెడ్డిగారి (1896–1953) స్వగ్రామము. నైజాము తెలంగాణమున కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, వారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ విమర్శకునిది దురుక్తము. దానికి ప్రతిదూషణము కాక అనుక్తపూరణమే ప్రత్యుత్తరమయ్యెను.

విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానపు సభలలో తప్పుపట్టినవాడును పట్టుబడినవాడును ఎదురెదుర నుండెడివారు. దూరపాఠమున ఆ కనుచూపు లేదు. వ్రాసిన కఠినోక్తి మాత్రము చెఱగక అందఱికి కనబడుచుండును. మొదటి వ్యాఖ్యను చూచి తక్కినవారు దానినే యనుసరించుటయు గలదు. కావున ఉపాధ్యాయులు మూడు నియమములు పాటించుట మేలు: పరీక్షకులు ఒకరి వ్యాఖ్య నొకరు చూడకముందే తమ మాట వ్రాయవలెను, ప్రతి వ్యాఖ్యయందును ఉక్తానుక్తదురుక్తములు మూడును హేతుసహితముగా నుండవలెను, రచయిత ఒకదినము గడచినగాని బదులు చెప్పరాదు. ఉపాధ్యాయుడు ముందుగా తన రచననే తరగతిముందుంచి యీ క్రమమున పరీక్షింపజేసినచో విద్యార్థులకు నియమము బోధింప వేఱు శ్రమ యక్కఱలేదు.