నిర్వహణకు ముందు నిలిచిన కథ: ‘కల్కి’ ముగింపు – కాలజ్ఞాన దృష్టి

తెలుగులో వైజ్ఞానిక కల్పనా చిత్రాలు తక్కువ. అందువల్ల వాటి ముగింపులపై చర్చ సాగినప్పుడు సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991), నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ (2024) పక్కపక్కన నిలుస్తాయి. మొదటిది నిండుగా ముగిసిందని కొందరు, రెండవది ఉత్కంఠ రేపి ఆగిందని మరికొందరు మెచ్చుకుంటారు. ‘కల్కి’ అభిమానుల్లో మళ్లీ రెండు పక్షాలు: భైరవలో కర్ణుడు వెల్లడయ్యే ఘట్టమే శిఖరమనేవారు, సుప్రీమ్ యాస్కిన్ గాండీవాన్ని ఎత్తే ఘట్టమే శిఖరమనేవారు. ఈ వాదాల్లో వినిపించని ప్రశ్న ఒకటి ఉంది: భవిష్యత్తును మోస్తున్న స్త్రీకి ఆ ముగింపులో ఉన్న స్థానమేమిటి? కర్నూలు, కడప సీమల కాలజ్ఞాన సంప్రదాయం వెలుగులో దీనిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఆ రెండు ముగింపులు ఒకే జాతివి కావు. ‘ఆదిత్య 369’ పాత్రలు 1526లోని విజయనగరాన్ని, 2504లోని లోకాన్ని చూసి వర్తమానానికి తిరిగి వస్తాయి. వజ్రం కోసం సాగిన దౌష్ట్యం శిక్షింపబడుతుంది. చెదిరిన అంశాలన్నీ ఒక ప్రయోజనం వైపు కూడే ఈ స్థితిని ఆలంకారికులు నిర్వహణ సంధి అన్నారు. ‘కల్కి’ అక్కడికి చేరలేదు. కనిపించిన బీజం మరుగుపడి, మళ్లీ మళ్లీ అన్వేషింపబడే దశ గర్భసంధి. సుమతి దొరకడం, చేజారడం, ఆమె కోసం వేట సాగడం అచ్చంగా ఈ లక్షణమే. ఇక్కడ బీజం గర్భస్థ శిశువే కావడం చేత శాస్త్రపరిభాష కథావస్తువుతో కలిసిపోయింది. కనుక గర్భసంధిని నిర్వహణతో పోల్చి ఏది మేలని తేల్చడం కుదరదు.

సగంలో ఆగే ముగింపు తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. 2015లో ‘బాహుబలి’ తొలిభాగం కట్టప్ప చేసిన హత్యను చూపి ఆగింది. 2017లో మలిభాగం కారణం చెప్పింది. అయితే ఆ ప్రశ్న జరిగిపోయిన దానిని గురించినది. ‘కల్కి’ రేపే ప్రశ్న జరగబోయే దానిని గురించినది. కురుక్షేత్రానికి సుమారు 6000 ఏళ్ల తరువాత అవతారం వస్తుందని కథ ముందే చెప్పేస్తుంది. తెలిసిన ముగింపు కోసం ఎదురుచూడటమే ఇందులోని ఆసక్తి.

ఈ ఎదురుచూపు రాయలసీమకు చిరపరిచితం. పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో పశువులను కాస్తూ రవ్వలకొండలో కాలజ్ఞానం రచించాడని, కడప సీమలోని కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందాడని ఐతిహ్యం. ఆయన వీరభోగవసంతరాయలుగా తిరిగి వస్తాడని, కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని ఇక్కడి నమ్మకం. యుగాంతం అందరికీ తెలుసు. తెలియనిది దాని వేళ మాత్రమే. అందువల్ల శ్రోత ఊరికే వినడు, తాను చూసిన కరవును, కలహాన్ని, కొత్త వింతను ఆ గుర్తులతో సరిపోల్చుకుంటాడు. కాలజ్ఞానం సామాన్యుడికి ఇచ్చిన అధికారం ఇదే.

ఆ సంప్రదాయంలో భవిష్యత్తును తొలుత విన్నవారిలో ఒక స్త్రీ ఉండటం గమనార్హం. పశువుల కాపరి ఎవరో గుర్తించి, ఉపదేశం కోరి పొందినది ఇంటి యజమానురాలు అచ్చమ్మ. ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. తరువాత దూదేకుల సిద్ధయ్య శిష్యుడై అదే పని చేశాడు. రాబోయే కాలం అడిగే హక్కున్న మనుషుల మధ్య సంభాషణగా నిలిచింది.

‘కల్కి’ ముగింపులో ఆ సంభాషణ లేదు. కాంప్లెక్స్‌లో సమ్-80 అన్న సంఖ్యగా ఉన్న ఆమె బయటికి వచ్చి సుమతి అవుతుంది. మంటల మధ్య నుండి నడిచివచ్చే ఘట్టంలో ఆమెకు ఒక తేజస్సు కలుగుతుంది. కాని తుదిపోరులో అశ్వత్థామ ఆమెను కాపాడవలసిన నిధిగా, భైరవ పట్టుకోవలసిన బహుమానంగా చూస్తారు. ఆమె గర్భం నుండి తీసిన సారమే యాస్కిన్‌కు బలమవుతుంది. పైగా చివరి మాట కూడా అతనిదే. తెలుగు ప్రతిలో అతని నోట శ్రీశ్రీ ‘జగన్నాథుని రథచక్రాలు’ వినిపిస్తుంది. ‘మహాప్రస్థానం’ సంపుటికి ముగింపుగా నిలిచి, అణగారినవారికి అభయమిచ్చిన గీతం పీడకుడి గర్జనగా మారింది. ఇది దర్శకుడు ఉద్దేశించిన వ్యంగ్యమని సమర్థించవచ్చు. అయితే వ్యంగ్యం పండాలంటే ఆ గీతం ఎవరి పక్షాన పుట్టిందో వారి గొంతు ఒక్కసారైనా ఎదురు వినిపించాలి. కాశీలోని దప్పికగొన్న జనం ఆ ముగింపులో కనిపించరు.

కర్ణుడా, యాస్కినా అన్న వాదం వీరుడి బలాన్ని, మలుపులోని విస్మయాన్ని కొలుస్తుంది. ఆ కొలత తప్పు కాదు, చాలదు. భవిష్యత్కథ ముగింపుకు మరొక కొలత అవసరం: రాబోయే కాలాన్ని గురించి అడిగే హక్కు చివరికి ఎవరి చేతిలో మిగిలింది? గర్భసంధి వద్ద ఆగిన కథకు నిర్వహణలో దీనిని సరిదిద్దుకునే అవకాశం ఇంకా ఉంది. మలిభాగం అవతారాన్ని ఎంత ఘనంగా చూపినా, సుమతి అచ్చమ్మలా అడగగలిగినప్పుడే ఆ ముగింపు ఈ నేల ఎరిగిన కాలజ్ఞానానికి దీటు కాగలదు.