పూటకూళ్ళమ్మ ఎక్కడ కూచుని తింది?

"హోటళ్ళ మీద వ్యాసమా? ఇంట్లో వంట మానేశామని ఊరంతా చాటింపు వెయ్యడం కాకపోతే!" అన్నారు మా అత్తగారు, నేను కాగితాలు ముందేసుకుని కూచోగానే. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. చెవులు మాత్రం ఇరవై నాలుగేళ్ళవి.

సంగతి ఏమిటంటే, ఆ ముందు ఆదివారం మా వారు పేపర్లో ఒక జాబితా చదివి వినిపించారు. బెజవాడ వెళ్ళినవాళ్ళు తప్పకుండా రుచి చూడవలసిన చోట్లట. ఒకచోట రాత్రి పదకొండు దాటాక బండి దగ్గర నిలబడి తినాలి. ఇంకోచోట జనాన్ని మోచేత్తో పక్కకి నెట్టి ప్లేటు అందుకోవాలి, మజా అంతా అందులోనే ఉందిట. మరోచోట కూచోడానికి బల్లలు లేకపోవడమే ఆ హోటలు గొప్పతనమట. మా వారు లొట్టలేస్తూ చదువుతుంటే, అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అయితే ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి ఆకలి వెయ్యదు కాబోలు" అన్నారు. నాకు ఈ వ్యాసం పుట్టింది అక్కడే.

మాది రెడ్డిగూడెం. నూజివీడు మామిడి అంటారే, ఆ మామిడి సీమలోది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకీ, మేము ఎన్టీఆర్ జిల్లాలోకీ వెళ్ళాం. చెట్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చిన్న రసాలు ఎప్పటి తీపితోనే కాస్తున్నాయి. పట్నం అంటే మాకు మొదటినుంచీ బెజవాడే. మైలవరం మీదుగా బస్సెక్కితే కొండపల్లి దాటి, దుర్గమ్మ కొండ పక్కనుంచి ఊళ్ళో దిగుతాం. పాత ఊరు సుమండీ అది. కొండల్లో అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు. 1921లో గాంధీగారికి పింగళి వెంకయ్యగారు జెండా నమూనా అందించింది కూడా ఆ ఊళ్ళోనే. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో ఆడది బయటికొచ్చి ఎక్కడ కూచుని తిన్నది అన్న చరిత్ర మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

ఆ మాటకొస్తే మన సాహిత్యంలోనూ అదే తంతు. పొరుగూరి తిండి మీద మనకి మొదటి విమర్శకుడు శ్రీనాథుడే అనుకుంటాను. పల్నాడు వెళ్ళి, సన్నబియ్యం దొరక్క, జొన్నకూటితో విసిగిపోయి చాటువులు చెప్పాడని ప్రతీతి. వండిపెట్టిన ఇల్లాలు ఏమనుకుందో ఏ చాటువులోనూ లేదు. అలాగే క్రీడాభిరామం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున ప్రసిద్ధి. అందులో టిట్టిభసెట్టి, మంచనశర్మ అని ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆకలేస్తే పూటకూటింటికి వెళ్ళి ఒక రూక ఇచ్చి భోంచేస్తారు. కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, పెరుగు... చదువుతుంటే ఈనాటి హోటలు బోర్డు చదివినట్టే ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ భోజనం నాకూ నోరూరించింది. కానీ ఊరు తిరిగినవాళ్ళూ, తిన్నవాళ్ళూ, బావుందన్నవాళ్ళూ ఇద్దరూ మగవాళ్ళే.

తరవాత కన్యాశుల్కం. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. అందులో పూటకూళ్ళమ్మని ఎవరు మరిచిపోతారు? గిరీశానికి అన్నం పెట్టింది, డబ్బూ పోగొట్టుకుంది, చివరికి చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చింది. ఆ దెబ్బలు రామప్పపంతులికి తగలడం చూసి నవ్వని తెలుగువాళ్ళు లేరు. నేనూ నవ్వాను, మూడుసార్లు చదివి మూడుసార్లూ నవ్వాను. ఈమధ్య నాలుగోసారి చదువుతుంటే మాత్రం ఒకటి తట్టింది. ఆవిడకి పేరు లేదు! పూట కూడు అమ్ముతుంది గనక పూటకూళ్ళమ్మ, అంతే. అంతమందికి వడ్డించిన మనిషి తను ఎప్పుడు, ఎక్కడ కూచుని, ఏం తిన్నదో గురజాడవారు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, వంటింటి గడప లోపల, అందరి తరవాత, మిగిలింది. మనకి తెలియందేముంది?

ఇది మన దేశంలో మాత్రమే అనుకోకండి. లండన్‌లోనూ మగతోడు లేకుండా మర్యాదస్తురాలు హోటల్లో కూచోడం తప్పుగా ఉండేదిట ఒకప్పుడు. 1864లో ఒక రొట్టెల కంపెనీ టీ దుకాణాలు తెరవడం మొదలుపెట్టాక, బజారుకెళ్ళిన ఆడవాళ్ళకి ఒంటరిగా కూచుని ఒక కప్పు టీ తాగే చోటు దొరికింది. టీ రుచి ఎలా ఉండేదో గాని, నాకా దుకాణాల మీద పిచ్చి గౌరవం.

మరి బెజవాడ? 1983లో, పెళ్ళైన కొత్తలో, మా వారు నన్ను సినిమాకి తీసుకెళ్ళి, ఆటయ్యాక ఒక హోటలుకి తీసుకెళ్ళారు. హోటలు పేరు వద్దులెండి. మగవాళ్ళంతా హాల్లో ఫాన్ల కింద కూచున్నారు. మమ్మల్ని మాత్రం ఒక మూలకి పంపించారు. చెక్క అడ్డలు, మాసిన పచ్చ పరదా, పైన 'ఫ్యామిలీ' అని బోర్డు. లోపల ఫాను లేదు. మే నెల. సర్వరు పరదా బయట నిలబడి, "ఫ్యామిలీకి రెండు కాఫీ!" అని హాలంతా వినపడేలా అరిచాడు. ఫ్యామిలీ అంటే కుటుంబం కాదు, పెళ్ళాం అని నాకు ఆరోజే తెలిసింది. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలోనూ ఆ రోజుల్లో ఇలాంటి పరదా గదులే. ఆడదాని మర్యాద కాపాడడానికి పెట్టారంటారు. కావచ్చు. కానీ ఆ గదిలో కూచుంటే దొంగతనంగా తింటున్నట్టుండేది గాని మర్యాదగా తింటున్నట్టుండేది కాదు. దోసె ఎలా ఉందో గుర్తులేదు. ఎవరో పరదా తప్పించి లోపలికి తొంగి చూసి "సారీ" అన్నది మాత్రం గుర్తుంది.

రెండేళ్ళ కిందట మా అమ్మాయితో చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌లో టీ తాగాను. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. కూచోలేదు, నిలబడే తాగాం. పక్కన కాలేజీ పిల్లలు, బురఖా వేసుకున్న తల్లీ కూతుళ్ళు. ఎదురుగా 1591లో కట్టిన కట్టడం. పరదా లేదు, ఎవరూ వింతగా చూడలేదు. నిలబడి తాగడానికీ, నిలబెట్టడానికీ తేడా ఉందని ఆ సాయంత్రం అర్థమైంది.

ఇక భోజనం హోటళ్ళు. ఇక్కడ నా తీర్పు కాస్త కఠినంగా ఉంటుంది, మామిడితోటల మనిషిని గనక. విస్తరి వెయ్యగానే నేను చూసేది పప్పూ కాదు, కూరా కాదు, ఆవకాయ. ముక్కకి టెంక ఉందా లేదా? టెంక గట్టిపడిన కాయ తెచ్చి, టెంకతో సహా నరికి, లోపలి జీడి తీసి, పొర తుడిచి వేస్తేనే ముక్క ఏడాదంతా గట్టిగా ఉంటుంది. టెంక లేని ముక్క రెండు నెలలకే గుజ్జయి, ఆవకాయ కాస్తా కారం ముద్ద అవుతుంది. మా ఇంట్లో ఆవకాయల రోజున కత్తిపీట దగ్గర చేతులు బొబ్బలెక్కేది మాకే, జాడీలు ఎండలో పెట్టి తుడిచేదీ మేమే. అందుకని హోటల్లో గిన్నెడు ఎర్రటి గుజ్జు తెచ్చి "మా స్పెషల్ ఆవకాయండీ" అంటే నాకు నవ్వొస్తుంది. అన్నం వేడిగా ఉండి, ముద్దపప్పు ముద్దగా ఉండి, నెయ్యి చెంచా రెండోసారి అడక్కుండా వచ్చిందంటే గుజ్జునీ క్షమిస్తాను. మనం వడ్డించకుండా మన విస్తట్లోకి వేడన్నం రావడం ఎంత భోగమో మగవాళ్ళకి చెప్పినా తెలియదు.

అసలు విషయానికొస్తాను, పార్సెల్. మా మామగారు మామిడికాయల లోడుతో బెజవాడ వెళ్ళినప్పుడల్లా గాంధీనగర్‌లో బాబాయి హోటలుకి వెళ్ళకుండా వచ్చేవారు కాదు. 1942 నాటి హోటలది. అప్పట్లో గాంధీనగరంటే సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు, ఆ సందడి వేరు. ఇడ్లీ మీద వెన్న, పక్కన కారప్పొడి, చట్నీ. ఇంటికొచ్చాక ఆ ఇడ్లీ గురించి ఆయన వర్ణన వింటుంటే హరికథ విన్నట్టుండేది. ఒట్టి వర్ణనే కాదు, పాపం, అత్తగారికి పార్సెల్ కూడా తెచ్చేవారు. అరిటాకులో పెట్టి, పైన పేపరు చుట్టి, పురికొస కట్టి. బస్టాండులో అరగంట, బస్సులో రెండు గంటలు, ఆపైన ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక అత్తగారు విప్పేవారు. వెన్న గడ్డకట్టి, ఇడ్లీ అరిటాకుకి అంటుకుని, చట్నీ ఇంకిపోయి. "ఏముందీ, మనింట్లో ఇడ్లీయే నయం" అనేవారు. "నీకు రుచి తెలీదే" అనేవారు మామగారు. నలభై ఏళ్ళు ఈ వాదన నడిచింది. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు వాళ్ళు తాటాకు బుట్టలో కట్టిచ్చే బుట్ట భోజనం ఒకటుంది. పార్సెల్‌ని కూడా పరువుగా పంపించవచ్చని దాన్ని చూశాకే ఒప్పుకున్నాను. అయినా అది భోజనం, ఇడ్లీకి ఆ వైభవం పనికిరాదు. ఇడ్లీ ఆయుష్షు పది నిమిషాలు.

అంటే చూడండి. మామగారు విమర్శించినది ఒక ఇడ్లీని, అత్తగారు విమర్శించినది ఇంకో ఇడ్లీని. ఇద్దరిదీ న్యాయమైన తీర్పే. హోటలు పేరు ఒక్కటే. పేపర్లో జాబితాలు రాసేవారు మామగారి పక్షాన రాస్తారు. పార్సెల్ తిన్నవాళ్ళ జాబితా ఇంకా రావలసే ఉంది.

మామగారు పోయి పన్నెండేళ్ళయింది. మొన్న మాఘమాసంలో అత్తగారి కళ్ళు చూపించడానికి పొద్దున్నే బస్సులో బెజవాడ తీసుకెళ్ళాను. డాక్టరు గారి దగ్గర పని తొందరగానే అయిపోయింది. "అత్తయ్యా, గాంధీనగర్ వెళ్దాం" అన్నాను. ఆవిడ వెంటనే, "పార్సెల్ కట్టించెయ్యి, బస్టాండులో బెంచీ మీద తిందాం. ఈ వయసులో నేను హోటల్లో కూచోడమేమిటి!" అన్నారు. నేను వినిపించుకోలేదు. ఆటో ఎక్కించాను.

లోపలికి అడుగు పెట్టగానే పమిట నిండుగా కప్పుకున్నారు. కుర్చీ అంచున కూచున్నారు, ఎవరో లేవమంటారేమో అన్నట్టు. అటూ ఇటూ చూశారు. పక్క బల్ల దగ్గర పుస్తకాల సంచులతో ఇద్దరమ్మాయిలు, అవతల ఆసుపత్రి నైట్ డ్యూటీ దిగి వచ్చినట్టున్న ఒకావిడ ఒంటరిగా, తాపీగా తింటోంది. ఆవిణ్ణి చాలాసేపు చూశారు అత్తగారు.

ఇడ్లీ వచ్చింది. ఆవిరి పోతోంది, వెన్న అంచులనుంచి జారుతోంది. అత్తగారు వేళ్ళతో చిన్న ముక్క తుంచారు. చురుక్కుమంది కాబోలు, వేళ్ళు వెనక్కి తీసుకుని మళ్ళీ తుంచారు. కారప్పొడిలో అద్ది నోట్లో పెట్టుకున్నారు. మాట్లాడలేదు. మొదటి ఇడ్లీ అయ్యేదాకా మాట్లాడలేదు. నేను నా ప్లేటు మరిచిపోయి ఆవిణ్ణే చూస్తున్నాను.

అప్పుడు అన్నారు, నెమ్మదిగా, "ఆయన ఇది తిని, నాకు అది తెచ్చేవారా?"

నేనేం చెప్పను? మామగారు చెడ్డవారు కారు. పురికొస కట్టించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు, నలగకుండా. కూడా తీసుకెళ్ళాలని మాత్రం ఆయనకి ఎప్పుడూ తోచలేదు. అడగాలని ఈవిడకీ తోచలేదు. సొంత కొడుకైన మా వారికి కూడా.

"ఇంకో ప్లేటు చెప్పనా?" అన్నాను.

"చెప్పు" అన్నారు. ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూచున్నారు.

కాఫీ కూడా అయ్యాక, డబ్బులిచ్చి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "అమ్మాయీ, వాడికో పార్సెల్ కట్టించు."

ఆటోలో ఆ పొట్లం తన ఒళ్ళోనే పెట్టుకున్నారు. బస్టాండులో అరగంట, బస్సులో రెండు గంటలు. ఇంటికి వచ్చేసరికి మా వారు తోటకెళ్ళారు. ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొట్లం విప్పేసరికి సాయంత్రమైంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, "నాన్న ఊరికే అంత గొప్పగా చెప్పేవారు గాని, ఏముందీ, మనింట్లో ఇడ్లీయే నయం" అన్నారు.

అత్తగారు నా వంక చూసి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.