ఐపీ పెట్టారట కదండీ!

ఎవరైనా అప్పులు తీర్చలేక చేతులెత్తేస్తే మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటాం. అందులో ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే మాట దాగుందని చాలామందికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. చిట్టీల ఆసామి అయినా, పత్తి వ్యాపారి అయినా ఐపీ పెట్టాడంటే ఇక ఊళ్లో కనపడడని అందరికీ తెలుసు. నేను కంపెనీ దివాలా కేసుల్లోకి వచ్చాక ఆ రెండక్షరాలకు ఇంకో అర్థం నేర్చుకున్నాను. 2016 నాటి దివాలా చట్టంలో ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్. డైరెక్టర్ల చేతుల్లోంచి కంపెనీని తన చేతుల్లోకి తీసుకునే మనిషి. పాత ఐపీతో యజమాని మాయమయ్యేవాడు. కొత్త ఐపీ పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి స్టాకు రిజిస్టరు అడుగుతాడు.

‘కంపెనీలు మునిగితే నీకు పండగేగా’ అంటాడు మా బావమరిది. కాదనలేను. ఆస్తులు అమ్మి పంచే వరసలో మొట్టమొదటిది ప్రక్రియ ఖర్చులే. ఐపీ తరఫున వాదించే మా ఫీజులూ అందులోనే ఉంటాయి. ఆ తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు పక్కపక్కన. సరుకు పోసి బిల్లు కోసం తిరిగినవాడి వంతు ప్రభుత్వ బకాయిల తర్వాతే.

అలాంటి ఒకాయన 2018లో నా దగ్గరికి వచ్చారు. అట్టపెట్టెలు తయారుచేసే పెద్దాయన. ఒక కంపెనీ 11 లక్షలు బాకీ. అప్పటికి లక్ష రూపాయల బాకీ ఉంటే చాలు, ఆ చట్టం సెక్షన్ 9 కింద దివాలా పిటిషన్ వేయొచ్చు. (2020 మార్చిలో దాన్ని కోటి చేశారు. చిన్న వ్యాపారికి ఆ తలుపు దాదాపు మూసినట్టే.) బిల్లులున్నాయి, చలాన్ల మీద గేటు ముద్రలున్నాయి. డిమాండ్ నోటీసు పంపాం, పది రోజులు ఆగాం, హైదరాబాద్ బండ్లగూడలోని కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో వేశాం. నా మీద నాకు మహా నమ్మకం.

అవతలి వకీలు ఒక్క కాగితం తీశాడు. మా నోటీసుకు ఏడు నెలల ముందు వాళ్ల స్టోర్స్ నుంచి వచ్చిన ఈమెయిల్. ‘ఈ లాటులో పెట్టెలు తడిసి ఉన్నాయి, క్రెడిట్ నోట్ పంపండి.’ అంతే. నోటీసుకు ముందే నిజమైన వివాదం ఉంటే సెక్షన్ 9 పిటిషన్ నిలవదని సుప్రీంకోర్టు 2017లోనే మొబిలాక్స్ కేసులో చెప్పింది. ఆ తీర్పు నాకు కంఠతా వచ్చు. పెద్దాయన కొడుకు ఫోన్లో ఉన్న మెయిల్స్ చూపించమని మాత్రం అడగలేదు. పిటిషన్ పోయింది. బయటికొచ్చాక ఆయన ఒక్క మాటా అనలేదు. టీ తాగుదాం రండి బాబూ అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి బిల్లులకన్నా ముందు గొడవపడ్డ ఉత్తరాలు అడుగుతాను. మా జూనియర్లకూ అదే చెబుతాను. సెక్షన్లు రెండు నెలల్లో వస్తాయి. బ్యాలెన్స్ షీటు చదవడం, తారీఖుల వరస పట్టడం ఏళ్ల పని.

ఇక పెద్ద బాకీల సంగతి. ఈ చట్టం కింద దేశంలో మొదట ఆమోదం పొందిన పునరుద్ధరణ పథకం మనదే. విశాఖలో అల్లాయ్ చక్రాలు చేసే సినర్జీస్ దూరే ఆటోమోటివ్‌ది. ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచి 2017 ఆగస్టులో ఆమోదించింది. 972 కోట్ల బాకీకి వచ్చింది దాదాపు 54 కోట్లు. ఇది తీర్చడమా, గుండు కొట్టడమా అని పత్రికలు గగ్గోలు పెట్టాయి. కంపెనీని ముక్కలు చేసి అమ్మితే వచ్చేది 8 కోట్లేనన్న లెక్క ఎవరూ పెద్దగా చూడలేదు. అయినా నూటికి తొంభై నాలుగు రూపాయలు వదులుకోవడం నాకూ మింగుడుపడదు. ఫ్యాక్టరీ తుప్పుపట్టేదాకా ఏళ్లకేళ్లు నానబెట్టి, చివర్లో కోర్టుకు తెస్తే వచ్చేది అంతే.

మా పిటిషన్ పోయిన మూడేళ్ల తర్వాత ఆ పెట్టెల పెద్దాయనే మళ్లీ ఫోన్ చేశారు. ‘ఐపీ పెట్టారట కదండీ, పేపర్లో పడింది.’ ఈసారి ఆయనకు బాకీపడ్డ కంపెనీని ట్రిబ్యునల్‌కు ఈడ్చింది బ్యాంకు. ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చారు. ఆఖరు తేదీ కింద ఎర్రగీత కూడా గీశారు. ఫారం-బీ నింపి, ఆ తడిసిన లాటు విలువ మేమే తీసేసి, మిగతాదానికి క్లెయిమ్ వేశాం. ఐపీ ఒప్పుకున్నారు. రుణదాతల కమిటీలో మాకు ఓటు లేదు. బ్యాంకులు నిర్ణయించినదే వాటా. ఏడాదిన్నరకు 62 వేలు వచ్చాయి. నేను ఫీజు తీసుకోలేదు. పాత బాకీ నాదీ ఉంది కదా.

మీరు కంపెనీలకు సరుకు పోసేవాళ్లయితే, టెండరు నోటీసుల మధ్య సన్నటి అక్షరాల్లో, కంపెనీ దివాలా ప్రక్రియ మొదలైందని చెబుతూ పడే ఫారం-ఏ ప్రకటనలు చూస్తూ ఉండండి. ఇంగ్లిషు పత్రికతోపాటు తెలుగు పత్రికలోనూ వేస్తారు. మీ బాకీదారు పేరు కనబడితే అందులోని ఆఖరు తేదీలోగా ఫారం-బీ, బిల్లులు జతచేసి పంపండి. ఈమెయిల్‌లోనూ పంపొచ్చు. దానికి వకీలు అక్కర్లేదు.